మత్తు సూది: చర్మం దాటాక ఒంట్లో ఏం జరుగుతుంది?

హౌరా నుంచి చెన్నై వైపు వచ్చే రైలు 115 కిలోమీటర్లు నడిచాక ఖరగ్‌పూర్ చేరుతుంది. 1072.5 మీటర్ల పొడవున్న ఇక్కడి ప్లాట్‌ఫాం ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్దది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని వెనక్కి నెట్టాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపులో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. మూడు నాలుగు తరాలు గడిచినా రైల్వే క్వార్టర్ల మధ్య నడుస్తుంటే బెంగాలీతో పాటు ఉత్తరాంధ్ర యాస తెలుగు వినపడుతూనే ఉంటుంది. పండక్కి, పెళ్లికి, చావుకి ఇటు వాళ్లు అటు, అటు వాళ్లు ఇటు. ఒక రాత్రి ప్రయాణం.

ఈ రైలు దారికి రెండు చివర్లా ఉన్నవాళ్లకు సంబంధించిన ఒక చిన్న గాజు సీసా కథ ఇది. గత కొన్నేళ్లలో విశాఖపట్నం పోలీసులు పెంటాజోసిన్ అనే నొప్పి నివారణ ఇంజెక్షన్లను పలుమార్లు, పెద్ద సంఖ్యలో పట్టుకున్నారు. కొన్ని కేసుల్లో ఆ సరుకు పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిందని ప్రకటించారు. బల్ల మీద వరసగా పేర్చిన అట్టపెట్టెలు, వాటి వెనక నిలబెట్టిన యువకులు ఉన్న ఫొటో మరుసటి రోజు పేపర్లో వస్తుంది. ఆ మందు అప్పటికే ఎవరి ఒంట్లోకి వెళ్లిందో, వెళ్లి ఏం చేసిందో మాత్రం వార్తలో ఉండదు.

పెంటాజోసిన్ దొంగ మందు కాదు. ఆపరేషన్ తర్వాత, ఎముక విరిగినప్పుడు ఆస్పత్రుల్లో దశాబ్దాలుగా వాడుతున్నదే. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఉంది కాబట్టి 2014 మార్చి నుంచి మందుల దుకాణం వాళ్లు ఎవరు రాశారో, ఎవరికి అమ్మారో వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. మాదకద్రవ్యాల చట్టం కింద కూడా ఇది నియంత్రిత పదార్థమే. ఇన్ని కట్టుబాట్లున్నా, మత్తు కోసం సూది పట్టేవాళ్లకు ఇది హెరాయిన్ కంటే తేలిగ్గా, చవగ్గా దొరుకుతుంది. పైగా కంపెనీలో తయారైన మందు, సీలు వేసిన సీసా. అందువల్ల ‘ఇది కల్తీ కాదు, ఏమీ కాదు’ అనే ధైర్యం కూడా వస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

మూడు కాపలాలు

బయటి పదార్థం ఏదైనా రక్తంలో కలిసే ముందు శరీరం దాన్ని కనీసం మూడు చోట్ల ఆపుతుంది. మొదటిది చర్మం. దాని పైపొర మందం ఒక మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు వరకే ఉంటుంది. చచ్చిన కణాలు, కొవ్వు కలిసి ఇటుకలు, సున్నంలా అల్లుకున్న ఆ పొరను మామూలుగా బ్యాక్టీరియా దాటలేదు. రెండోది జీర్ణాశయం, అక్కడి ఆమ్లం. మూడోది కాలేయం. పేగుల నుంచి బయల్దేరిన రక్తం ముందు కాలేయానికి వెళ్లి, అక్కడ ‘తనిఖీ’ అయ్యాకే గుండెకు చేరుతుంది. పెంటాజోసిన్‌ను మాత్రగా మింగితే సుమారు అయిదో వంతు మాత్రమే పని చేసే రూపంలో రక్తంలోకి వస్తుంది. మిగతాది కాలేయమే విరిచేస్తుంది.

సూది ఈ మూడు కాపలాలనూ ఒక్క పోటుతో దాటేస్తుంది. ఆస్పత్రిలో అదే దాని గొప్పతనం. నొప్పితో అరుస్తున్న మనిషికి మాత్ర కరిగేదాకా ఆగమని చెప్పలేం. చేతి సిరలోకి ఎక్కించిన మందు కుడి గుండె, ఊపిరితిత్తులు, ఎడమ గుండె మీదుగా పదిహేను ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. అయితే ఆ సూదిని పట్టుకున్నవారు చేతులు కడుక్కుని, చర్మం శుభ్రం చేసి, మోతాదు లెక్కగట్టి, రోగి ఊపిరిని గమనిస్తూ ఉంటారు. దాటేసిన కాపలాల పనిని ఆస్పత్రి తన నెత్తిన వేసుకుంటుందన్నమాట. ఆగి ఉన్న గూడ్సు పెట్టె వెనకో, మూసేసిన గదిలోనో సూది గుచ్చుకునేవాళ్ల దగ్గర ఆ పని చేసేవాళ్లు ఎవరూ ఉండరు.

సూది మందు చరిత్రలో ఒక పొరపాటు పదేపదే కనిపిస్తుంది. 1853లో ఎడిన్‌బరో డాక్టర్ అలెగ్జాండర్ వుడ్ నొప్పి ఉన్న చోటనే మార్ఫిన్ ఎక్కించే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. నల్లమందు మింగితేనే దాని మీద ‘ఆకలి’ పుడుతుందని, పొట్టలోకి వెళ్లకపోతే అలవాటు పడదని ఆ కాలంలో చాలామంది డాక్టర్లు నమ్మారు. జరిగింది సరిగ్గా తిరగబడింది. (వుడ్ భార్య ఆ సూదికే బలైన మొదటి మనిషి అనే కథ చాలా పుస్తకాల్లో తిరుగుతుంది కానీ అది నిజం కాదు. ఆమె భర్త పోయాక పదేళ్లు బతికింది.) వందేళ్ల తర్వాత 1950ల చివర్లో అమెరికాలోని స్టెర్లింగ్-విన్‌థ్రాప్ ప్రయోగశాలల్లో పెంటాజోసిన్‌ను తయారు చేసినప్పుడు కూడా ఆశ అదే: అలవాటు పడని నొప్పి మందు. 1967లో అది అమెరికా మార్కెట్లోకి వచ్చింది. 1970ల చివరికల్లా చికాగో లాంటి నగరాల్లో దాని మాత్రలను అలర్జీ మందుతో కలిపి కరిగించి సిరల్లోకి ఎక్కించుకునే వాళ్లు వేలల్లో తయారయ్యారు. 1979లో దాన్ని నియంత్రిత జాబితాలో చేర్చారు. 1983లో కంపెనీ ఆ మాత్రలో నాలోక్సోన్ అనే విరుగుడు కలిపింది. మింగితే నాలోక్సోన్‌ను కాలేయం తినేస్తుంది, నొప్పి మందు తన పని తాను చేస్తుంది. సూదిగా ఎక్కిస్తే నాలోక్సోన్ నేరుగా మెదడుకు వెళ్లి మత్తును అడ్డుకుంటుంది. ఒకే మాత్ర, వెళ్లే దారిని బట్టి రెండు రకాలుగా పని చేస్తుంది. ఈ వ్యాసంలో గుర్తుంచుకోవలసిన విషయం ఏదైనా ఉంటే ఇదే. పదార్థం ఎంత ముఖ్యమో, అది వెళ్లే దారి కూడా అంతే ముఖ్యం.

ఊపిరి మరిచిపోయే మెదడు

మెదడులో నొప్పినీ సుఖాన్నీ సర్దే గ్రాహకాలు కొన్ని ఉన్నాయి. శరీరం స్వయంగా తయారు చేసుకునే ఎండార్ఫిన్ల కోసం ఏర్పడిన తాళాలవి. హెరాయిన్, మార్ఫిన్, బ్యూప్రెనార్ఫిన్, పెంటాజోసిన్, అన్నీ ఆ తాళాల్లో దూరే దొంగ తాళం చెవులే. ఎంత లోతుకు దూరతాయన్నదే తేడా. పెంటాజోసిన్ ప్రధానంగా ‘కప్పా’ అనే రకం గ్రాహకం మీద పని చేస్తుంది. అందుకే మోతాదు పెరిగితే సుఖం బదులు భయం, గందరగోళం, లేనివి కనిపించడం రావచ్చు. హెరాయిన్‌కు అలవాటు పడిన వ్యక్తి దీన్ని ఎక్కించుకుంటే, ఉన్న మత్తును కూడా లాగేసి ఒళ్లంతా విలవిల్లాడించవచ్చు.

మాత్ర నెమ్మదిగా పని చేస్తుంది, సూది ఒక్క అల లాగా మీద పడుతుంది. ఏ పనికి ఏ ఫలితం వచ్చిందో మెదడు గుర్తుపెట్టుకునేటప్పుడు మధ్యలో గడిచిన సమయం చాలా కీలకం. పని, ఫలితం ఎంత దగ్గరగా ఉంటే ఆ ముడి అంత గట్టిగా పడుతుంది. అందువల్ల అదే మందును మింగేవాళ్ల కంటే సూదిగా తీసుకునేవాళ్లు త్వరగా బందీలవుతారు. కొన్ని వారాల్లో గ్రాహకాలు మొద్దుబారతాయి, నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. మానేస్తే ముక్కు కారడం, ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్ర లేకపోవడం. ఆ దశ దాటాక చాలామంది మత్తు కోసం కాదు, మామూలుగా లేచి పనికి వెళ్లగలగడం కోసమే సూది పట్టుకుంటారు. ఇంట్లోవాళ్లకు ఇది అర్థం కావడం కష్టం. ‘సరదాకి చేస్తున్నాడు’ అనే అనుకుంటారు.

ప్రాణం తీసేది మాత్రం సుఖానికి సంబంధించిన భాగం కాదు. వెన్నుపాము మెదడును కలిసే చోట కొన్ని వేల నాడీకణాల చిన్న గుంపు మన ఊపిరికి తాళం వేస్తూ ఉంటుంది. దాని పేరు ప్రీ-బాట్‌జింగర్ కాంప్లెక్స్. (పక్కనే ఉన్న భాగానికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు శాస్త్రవేత్త జాక్ ఫెల్డ్‌మన్ ఒక జర్మన్ వైన్ సీసా మీది పేరు పెట్టేశాడు. వేదన నిండిన ఈ విషయంలో అదొక్కటే నవ్వు తెప్పించే సంగతి.) రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ పెరిగితే ఊపిరి తీసుకోమని ఒత్తిడి వస్తుంది. నల్లమందు జాతి మందులు ఆ ఒత్తిడిని వినపడనీయవు. మనిషికి ఉక్కిరిబిక్కిరి అనిపించదు. నిద్రలోకి జారుకుంటూ నిమిషానికి పది, ఎనిమిది, నాలుగు ఊపిర్లు తీసి, తర్వాత ఆగిపోతాడు. పెంటాజోసిన్‌ ఒక్కదాన్నే తీసుకుంటే ఈ ప్రభావానికి కొంత హద్దు ఉంటుంది. కానీ ఒక్కదాన్నే తీసుకునేవాళ్లు అరుదు. అలర్జీ మందులు, నిద్రమందులు, సారా తోడైతే ఆ హద్దు చెరిగిపోతుంది.

మరీ ప్రమాదకరమైన సమయం ఏదంటే, కొంతకాలం మానేసి మళ్లీ మొదలుపెట్టిన రోజు. జైలు నుంచి, డీ-అడిక్షన్ కేంద్రం నుంచి, ఊర్లో బంధువుల ఇంటి నుంచి తిరిగి వచ్చిన మనిషి పాత మోతాదే తీసుకుంటాడు. శరీరం ఆ మోతాదును అప్పటికే మరిచిపోయి ఉంటుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్లను గమనించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, విడుదలైన మొదటి రెండు వారాల్లో మత్తుమందుల మోతాదు మించి చనిపోయే ప్రమాదం బయటి జనంతో పోలిస్తే 129 రెట్లు ఉన్నట్టు తేలింది. ‘మూడు నెలలు కట్టడిలో పెట్టాం, బాగుపడ్డాడు’ అని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకునే సమయం కూడా సరిగ్గా అదే.

కండ చెక్కలా మారడం

పెంటాజోసిన్ సూదిని ఎక్కువకాలం వాడినవారి తొడ, భుజం ముట్టుకున్న చర్మవైద్యులు దాన్ని ‘చెక్క’తో పోలుస్తారు. 1970ల నుంచి ప్రపంచమంతా నమోదవుతున్న ఈ లక్షణం మన దేశపు ఆస్పత్రులకూ కొత్త కాదు. కారణం స్కూల్లో చదివే రసాయనశాస్త్రమే. పెంటాజోసిన్ తనంతట తాను నీటిలో కరగదు. లాక్టిక్ ఆమ్లంతో లవణంగా మార్చి, ఆమ్లగుణం ఉన్న ద్రవంలో ఉంచితే కరుగుతుంది. సీసాలో అంతా తేటగానే ఉంటుంది. మన కణజాలం మాత్రం స్వల్ప క్షారం, పీహెచ్ 7.4. ఆ ద్రవం కండలోకి, చర్మం కిందికి వెళ్లగానే ఆమ్లత్వం తగ్గి, కరిగిన మందులో కొంత మళ్లీ గట్టిపడి స్ఫటికాలుగా మిగిలిపోతుందని వైద్యుల వివరణ.

ఆ రేణువులను బయటి శత్రువులుగా భావించి రోగనిరోధక కణాలు చుట్టుముడతాయి. వాపు వస్తుంది, మానుతుంది, మానిన చోట నారలాంటి మచ్చ మిగులుతుంది. మళ్లీ అదే చోట సూది, మళ్లీ మచ్చ. చివరకు సాగే కండ స్థానంలో సాగని పీచు వస్తుంది. మోకాలు పూర్తిగా వంగదు, మోచెయ్యి చాపలేరు. చర్మానికి రక్తం అందించే సన్నని నాళాలు మూసుకుపోయి లోతైన పుండ్లు పడతాయి, వాటి అంచులు గట్టిగా, నల్లగా ఉంటాయి. లేత్ మిషను దగ్గరో, వెల్డింగు దగ్గరో నిలబడి పని చేసుకునే మనిషికి చెయ్యి, కాలు బిగుసుకుపోవడమంటే బతుకుతెరువు పోవడమే. ఈ నష్టంలో కల్తీ పాత్ర ఏమీ లేదు. సీలు వేసిన, స్వచ్ఛమైన మందే ఈ పని చేస్తుంది.

సిరల సంగతి వేరు. సిర గోడ పల్చన, లోపల పీడనం తక్కువ. గుచ్చిన ప్రతిసారీ లోపలి పొర చిరుగుతుంది, అక్కడ గడ్డ కడుతుంది, సిర మూసుకుపోతుంది. వాడేసిన సూదితోనే మళ్లీ గుచ్చుకుంటే దాని మొన అప్పటికే వంగి, కొక్కెంలా మారి ఉంటుంది, చిరుగు ఇంకా పెద్దదవుతుంది. చేతి సిరలు అయిపోయాక కాళ్లు, మెడ, గజ్జలు. గజ్జల్లో సిర, ధమని, నరం పక్కపక్కనే ఉంటాయి. పొరపాటున ధమనిలోకి వెళితే మందు గుండె వైపు కాదు, కాలి వేళ్ల వైపు పోతుంది. మంట, తెల్లబడటం, ఆ తర్వాత కుళ్లు. కొన్నిసార్లు వేళ్లు, కొన్నిసార్లు మొత్తం పాదం తీసేయాల్సి వస్తుంది. మే నెల ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పని కొడుకును చూసి తల్లికి అనుమానం రావడం సహజం. అయితే అప్పటికి చేతులతో పని అయిపోయి, సూది ఎక్కడికి మారిందో ఆమెకు కనపడకపోవచ్చు.

చర్మం మీద బతికే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా సూదితో పాటు లోపలికి వెళితే దానికి ఎదురయ్యే మొదటి మజిలీ కుడి గుండె. అక్కడి మూడు రెక్కల కవాటం మీద అది గూడు కడుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ గూడు ముక్కలు ఊడి ఊపిరితిత్తుల్లోకి చల్లుకుపోతాయి. జ్వరం, దగ్గు, ఛాతీ నొప్పి చూసి న్యుమోనియా అనో, క్షయ అనో మొదట మందులిస్తారు. మామూలుగా గుండె కవాటాల జబ్బు ఎడమ వైపు వస్తుంది కాబట్టి, కుడి వైపు కనపడితే అనుభవమున్న డాక్టర్ చేతులు చూపించమంటాడు. నాలుగు నుంచి ఆరు వారాల పాటు, ఈసారి ఆస్పత్రిలో, సిరలోకే యాంటీబయోటిక్ ఎక్కించాలి. ఇక మాత్రలు నలిపి కరిగించి ఎక్కించుకునేవాళ్లకు ఇంకో చిక్కు: మాత్రను గట్టిగా ఉంచే టాల్క్, పిండి పదార్థాలు నీటిలో కరగవు. ఊపిరితిత్తుల్లోని అతి సన్నని నాళాల వెడల్పు ఒక మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. అంతకంటే పెద్ద రేణువు ఏదైనా అక్కడే ఇరుక్కుపోతుంది, మళ్లీ బయటికి రాదు.

సిరంజిలో మిగిలిన చుక్క

సిరంజి పిడిని చివరిదాకా నొక్కినా లోపల కొంచెం ద్రవం మిగులుతుంది. సూది తొడిగే మెడ భాగంలో, సూది బోలులో ఉండే ఆ ఖాళీని ‘డెడ్ స్పేస్’ అంటారు. సూదిని విడిగా తొడిగే మామూలు సిరంజిలో అది సుమారు 84 మైక్రోలీటర్లని, సూది అతికించి ఉండే ఇన్సులిన్ సిరంజిలో కేవలం 2 మైక్రోలీటర్లని అమెరికా పరిశోధకుడు విలియం జూల్ బృందం 1990లలో కొలిచింది. డ్రాపరు నుంచి పడే ఒక చుక్క దాదాపు 50 మైక్రోలీటర్లు. అంటే మొదటి సిరంజిలో చుక్కన్నర రక్తం, మందు మిగిలి ఉంటాయి. నీళ్లతో కడిగినా ఈ తేడా పోదు, ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే మిగిలిన చుక్క ప్రతిసారీ కొత్త నీటిలో కలిసి, మళ్లీ అంతే పరిమాణంలో మిగులుతుంది.

ఆ చుక్కలో ఎవరుంటారు? బయట గాలి తగిలితే హెచ్ఐవీ ఎక్కువసేపు బతకదని చాలామందికి తెలుసు. సిరంజి లోపల కథ వేరు. గాలి అందని, ఎండిపోని ఆ ఇరుకులో హెచ్ఐవీ 42 రోజుల దాకా సజీవంగా ఉండగలదని యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1999లో చూపించారు. హెపటైటిస్-సి వైరస్ మీద 2010లో వచ్చిన యేల్ అధ్యయనంలో ఆ గడువు 63 రోజులు. వైరస్ ఉన్నవారికి గుచ్చిన సూది ఆస్పత్రి సిబ్బందికి పొరపాటున గుచ్చుకున్నప్పుడు ఉండే ప్రమాదాన్ని వైద్య విద్యార్థులు ‘మూడు’ లెక్కతో గుర్తుపెట్టుకుంటారు: హెచ్ఐవీ 0.3 శాతం, హెపటైటిస్-సి 3 శాతం, టీకా లేనివారికి హెపటైటిస్-బి 30 శాతం వరకు. మత్తు సూది పంచుకునేవాళ్లు దీన్ని రోజుకు రెండు మూడుసార్లు చేస్తారు, నెలల తరబడి.

మణిపూర్‌లో అదే జరిగింది. 1989 సెప్టెంబరు వరకు అక్కడ సూదితో మత్తు తీసుకునేవారిలో హెచ్ఐవీ దాదాపు కనపడలేదు. ఏడాది తిరక్కముందే వారిలో సగం మందికి సోకింది.  మన దేశంలో పెద్దవారిలో హెచ్ఐవీ ఉన్నవారు 0.2 శాతం. సూదితో మత్తు తీసుకునేవారిలో 2021 నాటి నాకో సర్వే ప్రకారం సుమారు 9 శాతం. ఇది ‘వాళ్ల’ సమస్యగా ఆగదు. ఇంటికి తిరిగి వచ్చాక భార్యకు, ఆమె నుంచి పుట్టబోయే బిడ్డకు చేరుతుంది.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ నిర్వహించి 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే, దేశంలో సూదితో మత్తు తీసుకునేవారు సుమారు 8.5 లక్షల మంది ఉంటారని అంచనా వేసింది. వారి సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో పంజాబ్, ఢిల్లీ, మణిపూర్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పేర్లు కూడా ఉన్నాయి. తెలుగువారిలో చాలామంది ఇది సరిహద్దు రాష్ట్రాల గొడవ అనుకుంటారు, కాదు. హైదరాబాద్‌లో మరో రకం కూడా ఉంది: ఆపరేషన్ సమయంలో పడిపోయిన రక్తపోటును నిలబెట్టే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లను జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు ‘శక్తి’ కోసం ఎక్కించుకుంటున్నారు. తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు వాటిని పలుమార్లు పట్టుకున్నారు. మందు పూర్తిగా వేరు, గుండెను పరుగులెత్తించే రకం. సూది, సిర, సిరంజిలో మిగిలే చుక్క మాత్రం అవే.

నాలుక కింద మాత్ర

ఖరగ్‌పూర్ పట్టాలకు అవతల, హిజ్లీ వైపు, 1951లో మొదలైన ఐఐటీ ఉంది. అక్కడి పరిశోధకులు గాజులాంటి కార్బన్‌తో వెంట్రుక లాంటి సన్నని సూక్ష్మ సూదులను తయారు చేసి 2018లో ఆ వివరాలు ప్రచురించారు. చర్మం పైపొరను దాటి, కింద ఉన్న నరాలనూ పెద్ద రక్తనాళాలనూ తాకకుండా మందును అందించడం వాటి ఉద్దేశం. మందు ఏ గుమ్మం దగ్గర ఆగాలన్నది ఇంజనీర్లకు కూడా ప్రశ్నే. మత్తు సూది చికిత్సలో దానికి దొరికిన జవాబు ఇంకా సాదాగా ఉంటుంది: నాలుక కింద పెట్టే మాత్ర.

ఆ మాత్ర బ్యూప్రెనార్ఫిన్. ఇది కూడా నల్లమందు జాతిదే. 1990లలో కోల్‌కతా, ఢిల్లీ, చెన్నై వీధుల్లో సూదిగా ఎక్కించుకున్న మందు కూడా ఇదే. నాలుక కింద పెట్టినప్పుడు నెమ్మదిగా రక్తంలోకి వెళ్లి, గ్రాహకానికి గట్టిగా అతుక్కుని, రోజంతా ఉంటుంది. అల లేదు, పడిపోవడమూ లేదు. ఊపిరిని అణచే ప్రభావం ఒక స్థాయి దాటి పెరగదు. మానేసినప్పుడు వచ్చే బాధ తగ్గుతుంది, సూది అవసరం తగ్గుతుంది, మనిషి పనికి వెళ్లగలుగుతాడు. నాకో 2007 నుంచి ఈ చికిత్సను తన కార్యక్రమంలో చేర్చింది. కేంద్రంలో నర్సు మాత్రను పొడి చేసి నాలుక కింద వేస్తుంది, కరిగేదాకా అయిదారు నిమిషాలు అక్కడే కూర్చోబెట్టి, నోరు తెరిపించి చూసి పంపుతుంది. ఇంటికి తీసుకెళ్లి అమ్ముకోకుండా ఆ జాగ్రత్త.

‘ఒక మత్తు బదులు ఇంకో మత్తు’ అని దీన్ని తప్పుపట్టేవాళ్లు ఉన్నారు, కొందరు డాక్టర్లు కూడా. శరీరంలో జరిగేది చూస్తే ఆ మాట నిలవదు. కవాటం మీద గూడు, తొడలో చెక్క, సిరంజిలో చుక్క, వీటిలో ఏదీ నాలుక కింద మాత్రతో రాదు. కొత్త సూదులు ఇచ్చి పాతవి తీసుకునే కార్యక్రమం వెనక ఉన్న లెక్క కూడా ఇదే. హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017 ఇలాంటి ప్రమాద నివారణ పనిని నేరంగా చూడకూడదని చెబుతోంది. కొద్దిపాటి మత్తుపదార్థంతో పట్టుబడిన బానిస స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే విచారణ నుంచి మినహాయింపునిచ్చే సెక్షన్ 64ఎ మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది. ఇది తెలియక ఎన్ని కుటుంబాలు పోలీసు భయంతో పుండును ఇంట్లోనే కట్టుకట్టి దాస్తున్నాయో!

ఈ బాధిత కుటుంబాలకు తెలియాల్సినవి మరికొన్ని ఉన్నాయి. హెపటైటిస్-సి ఇప్పుడు నయమయ్యే జబ్బు. సాధారణంగా పన్నెండు వారాల మాత్రలతో నూటికి తొంభై మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. 2018 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందు ఉచితం. హెపటైటిస్-బికి టీకా ఉంది. మోతాదు మించినప్పుడు కంటిపాపలు గుండుసూది తలంత చిన్నవై, పెదవులు నీలంగా మారి, గురకలాంటి శబ్దం వస్తుంది. ‘నిద్రపోతున్నాడులే’ అని వదిలేసేది ఆ గురక వినే. వెంటనే 108 లేదా 112కు ఫోన్ చేయాలి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఊపిరి ఆగితే నోటితో ఊదాలి, ఏం తీసుకున్నాడో డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి. ఆస్పత్రిలో ఇచ్చే నాలోక్సోన్ నిమిషాల్లో ఊపిరిని తిరిగి తెస్తుంది. పెంటాజోసిన్ అయితే మామూలు కంటే ఎక్కువ మోతాదు కావాల్సి రావచ్చు కాబట్టి ఆ మందు పేరు చెప్పడం మరీ అవసరం. నాలోక్సోన్ ప్రభావం గంట, గంటన్నరలో తగ్గుతుంది గనక, లేచి కూర్చున్నాడు కదా అని వెంటనే ఇంటికి తీసుకెళ్లకూడదు. చికిత్స ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడానికి జాతీయ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, హెచ్ఐవీ సమాచారానికి 1097.

రోజూ కేంద్రానికి వచ్చి మాత్ర వేసుకోవాలన్న నియమం షిఫ్టుల్లో పని చేసేవాళ్లకు పెద్ద అడ్డంకి. పొద్దున్నే సైరన్‌కు వర్క్‌షాపు లోపల ఉండాల్సిన మనిషికి, తర్వాత తెరిచే కేంద్రం దూరంగా ఉన్నట్టే. 2020 లాక్‌డౌన్‌లో రైళ్లు ఆగిపోయినప్పుడు, కొన్ని రోజుల మాత్రలను ఒకేసారి ఇంటికి ఇచ్చేందుకు నాకో అనుమతించింది. అప్పటిదాకా ఆ పని కుదరదనే అనుకున్నారు.